ఆమెకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు

"ఇంట్లో ఎవరికి చెప్పాలమ్మా, నంబరు చెప్పు" అన్నాను. ఎక్కం అప్పజెప్పినట్టు పది అంకెలూ గడగడా చెప్పేసింది. వాళ్ల అమ్మ నంబరు కాబోలనుకుని చేతిలో ఉన్న కాగితం వెనక రాసుకున్నాను. ఫోను కలపబోతుంటే పక్కనున్న మహిళా కానిస్టేబుల్ ఆపింది. "అది వాడి నంబరు మేడమ్. పొద్దున మాకూ అదే చెప్పింది. స్విచాఫ్ వస్తోంది."

వాడంటే, సంచి చేతికిచ్చి రైలెక్కించినవాడు.

ఆ పిల్లకు పదిహేడేళ్లు. ఏజెన్సీ కొండల నుంచి దిగిన గంజాయి, కోస్తా మీదుగా పోయే రైలు, కిటికీ పక్క సీటు, కాళ్ల దగ్గర సంచి. అమ్మ నంబరు ఫోనులో "అమ్మ" అని ఉంది. ఫోనేమో పోలీసుల బీరువాలో ఉంది. అంకెలు నొక్కాల్సిన అవసరం ఏనాడూ రాలేదు కాబట్టి నోటికి రాదు. మరి వాడిది ఎలా వచ్చిందని అడిగితే, వాడే కంఠతా పట్టించాడంది. "ఏదైనా తేడా వస్తే ఈ నంబరుకు చేయి, నేను చూసుకుంటాను" అన్నాడట. ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతులో వాడి మీద కోపం లేదు. ఇంకా నమ్మకమే ఉంది. చున్నీ కొసకు ముడి వేసి, విప్పి, మళ్లీ వేస్తోంది.

పదకొండేళ్లుగా ఒక చిన్న సంస్థ తరఫున ఇలాంటి అమ్మాయిల వెంట తిరుగుతున్నాను. నా ఉద్యోగానికి పేరేదో ఉంది గానీ, పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డు గుమస్తా నుంచి ఆటో డ్రైవరు దాకా అందరికీ నేను "కౌన్సెలింగ్ మేడమ్"ని. ఆ మాటంటే నాకు పడదు. మన పత్రికల్లో "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అని రోజూ వస్తుంది. అసలు జరిగేదేమిటో చూసినవాళ్లకు తెలుసు. తల్లిదండ్రుల ముందు నిలబెట్టి, బల్ల గుద్ది, పరువు ఎత్తి, ఒక కాగితం మీద సంతకం తీసుకోవడం. అరగంట తిట్లకు ఆంగ్లంలో పేరు పెట్టాం, అంతే.

ఇన్నేళ్లలో నాకు తేలింది ఒకటే. నేరం అంచున ఉన్న ఆడపిల్లకు మంచీ చెడూ తెలియక కాదు. నాకంటే బాగా తెలుసు. ఆమెకు లేనిది, రాత్రి పదింటికి ఫోను చేస్తే ఎత్తే ఇంకో మనిషి. మా పని ఆ రెండో నంబరు కావడం. మిగిలినవన్నీ, అంటే నీతి తరగతులు, యోగా, గోడల మీద సూక్తులు, మన తృప్తి కోసం మనం పెట్టుకున్నవి.

ఇక్కడే ఒక మాట. ఈ వ్యాసంలో ఏ పిల్ల పేరూ ఉండదు. పిల్లలు ఫలానా అని తెలిసే వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. చట్టం లేకపోయినా రాసేదాన్ని కాదు. కొన్ని సంగతులు కాస్త మార్చాను.

సంచి దగ్గరకు వద్దాం. ఎంత బరువుందని అడిగాను. "మోయగలిగినంత" అంది.

ఆ బరువు మీదే ఆమె జీవితం ఆధారపడి ఉందని ఆమెకు తెలియదు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్షే పదేళ్లు. కిలోకు మించి, 20 కిలోల లోపైతే పదేళ్ల దాకా శిక్ష ఉండవచ్చు గానీ కనీసం ఇంత అని లేదు. దీన్ని 2015 బాలల న్యాయ చట్టం పక్కన పెట్టి చూడండి. కనీస శిక్ష ఏడేళ్లో అంతకు మించో ఉన్న నేరమైతే అది "హేయమైన నేరం". పదహారు దాటిన పిల్లలపై అలాంటి ఆరోపణ వస్తే, వాళ్ల మానసిక స్థితిని బోర్డు అంచనా వేసి, పెద్దవాళ్లలాగే విచారించడానికి పై కోర్టుకు పంపవచ్చు. కనీస శిక్ష లేని నేరం ఆ కోవలోకి రాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 సవరణలో అదే చట్టంలోకి ఎక్కింది. అంటే పంతొమ్మిది కిలోలు మోసిన పిల్ల బాలిక. ఇరవై ఒక్క కిలోలు మోసిన పిల్ల, పెద్దవాళ్లలాగా విచారించాలో వద్దో తేల్చాల్సిన కేసు. సంచి కుట్టినవాడికి ఇదంతా తెలిసి ఉండవచ్చు. మోసినదానికి తెలియదు.

ఆడపిల్లే ఎందుకంటే, దానికీ చట్టంలోనే కారణం ఉంది. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలని అదే చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. ఉండాల్సిన నిబంధనే, తప్పు పట్టను. కానీ రాత్రి రైల్లో మహిళా పోలీసు లేని బోగీలు ఎన్నో వాడికి లెక్క తెలుసు. పైగా చున్నీ కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్న పిల్లను చూసి కాలేజీకి పోతోందనుకుంటాం. మన మర్యాదనే వాడు పెట్టుబడి పెట్టాడు.

ఆ పిల్ల అక్కడి దాకా ఎలా వచ్చిందన్నది అంతకంటే పాత కథ. నా దగ్గరికి వచ్చిన అమ్మాయిల్లో చాలామందికి మొదటి "నేరం" ఇల్లు వదిలి వెళ్లడం. అది ఏ చట్టంలోనూ నేరం కాదు. పదో తరగతి అయింది, ఇంటర్‌కు పక్క ఊరు పంపడం ఇష్టం లేదు, మేనమామకో మరొకరికో ఇవ్వాలని మాట నడుస్తోంది. లేదా ఇంట్లోనే ఒకడి చేయి పడుతోంది, చెబితే అమ్మ నమ్మలేదు. పిల్ల వెళ్లిపోతుంది. మిస్సింగ్ కేసు పెడతారు, పట్టుకొస్తారు, ఇందాక చెప్పిన కౌన్సెలింగ్ ఇస్తారు. తిరిగొచ్చిన కొడుక్కి అన్నం పెడతారు, తిరిగొచ్చిన కూతురికి సంబంధం చూస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె మరింత దూరం వెళ్తుంది, తిరిగి రాదు. బతకడానికి డబ్బు కావాలి. చేతిలో ఆధార్ కార్డు కూడా ఉండదు, అది ఇంట్లో బీరువాలో ఉంటుంది. కార్డు లేకుండా పని ఇచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో వేరే చెప్పనక్కరలేదు.

"తిరిగి ఆడది చెడుతుంది, తిరగక మగవాడు చెడతాడు" అని మనకో సామెత ఉంది. చట్టాలు రాసినవాళ్లూ ఈ సామెత విని పెరిగినవాళ్లేనేమో అనిపిస్తుంది నాకు. 1986 నాటి బాలల న్యాయ చట్టం మగపిల్లవాడిని పదహారేళ్ల దాకా, ఆడపిల్లను పద్దెనిమిదేళ్ల దాకా బాలలుగా లెక్కగట్టింది. 2000లో గానీ ఇద్దరికీ పద్దెనిమిది చేయలేదు. పైకి దయలాగే కనిపిస్తుంది. కానీ ఆడపిల్ల విషయంలో దయకు ఎప్పుడూ ఒక తాళం కప్ప ఉంటుంది.

ఆ తాళం కప్పను నేను దగ్గరగా చూశాను. చట్టంలో పిల్లలకు రెండు దారులున్నాయి. నేరం చేశారన్నవాళ్లు బోర్డు ముందుకు, రక్షణ అవసరమైనవాళ్లు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తారు. ఇద్దరినీ వేర్వేరు చోట్ల ఉంచాలి. ఆడపిల్లల హోములు అన్ని జిల్లాల్లోనూ లేవు. నేను చూసిన ఒక ఊళ్లో ఒకే ప్రహరీ లోపల రెండు మేడలు, ఒకటే వంటిల్లు. ఒక మేడలో యజమానురాలి బంగారం తీసిందన్న పిల్ల. ఇంకో మేడలో పెళ్లి తప్పించుకుని పారిపోయి దొరికిన పిల్ల. మొదటి పిల్లకు 12వ సెక్షన్ కింద బెయిలు వచ్చింది, నెల తిరగకముందే వెళ్లిపోయింది. రెండో పిల్ల ఇంటికి వెళ్లనంటోంది, పంపడానికి కమిటీ భయపడుతోంది. ఆమె పద్దెనిమిదో పుట్టినరోజుకు ఇంకా పద్నాలుగు నెలలుంది.

"తను దొంగతనం చేసింది, వెళ్లిపోయింది. నేనేం చేశాను మేడమ్?" అని అడిగింది, కంది బేడలు ఏరుతూ.

జవాబు చెప్పలేకపోయాను. నేరానికి బెయిలు ఉంది, రక్షణకు బెయిలు లేదు. ఆ పిల్ల పద్నాలుగు నెలలూ ఉండలేదు. ఆరో నెలలో గోడ దూకింది, కాలు విరిగింది, మళ్లీ దొరికింది. ఆ సందర్భంలో వార్డెన్ చేతిని కొరికిందని కేసు పెడతామన్నారు. పెట్టి ఉంటే ఆమె మొదటి నేరం అదే అయ్యేది, మేం రక్షించినందువల్ల.

ఇదంతా ఒక హోము కథే అనుకోకండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక పోక్సో కేసులో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులో, దోషికి శిక్ష వేయకుండా విడిచిపెట్టింది. పద్నాలుగేళ్ల వయసులో వెళ్లిపోయిన ఆ అమ్మాయిని అసలు సంఘటన కన్నా, ఆ తర్వాత పోలీసుల చుట్టూ కోర్టుల చుట్టూ తిరగడమే ఎక్కువ నలిపేసిందని కోర్టు గ్రహించింది. ఆ తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పద్నాలుగేళ్లన్నది నాకు కూడా మింగుడు పడదు. కానీ కాపాడే యంత్రమే గాయం చేయగలదని అంత పెద్ద కోర్టు ఒప్పుకోవడం నాకు ఊరటనిచ్చింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేనేదో అన్నీ తెలిసినదాన్నన్నట్టు రాసుకుపోతున్నాను కదా.

ఏడెనిమిదేళ్ల కిందట ఒక అమ్మాయికి కుట్టు మిషను ఇప్పించాను. దాతల దగ్గర చందా పోగుచేసి, కొత్తది, పసుపు కుంకుమ పెట్టి మరీ. మూడు నెలలకు వెళ్లి చూస్తే మిషను లేదు. అమ్మేసింది. నేను ఆ గుమ్మంలోనే అరిచాను. నీకోసం ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో తెలుసా అన్నాను. ఆమె ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తర్వాత పక్కింటామె చెప్పింది. వాళ్లమ్మ వారం వారం కట్టాల్సిన గ్రూపు అప్పు మూడు వాయిదాలు ఆగిపోతే, గ్రూపు ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చున్నారట. ఆ పిల్ల దగ్గర అప్పుడు రెండు దారులున్నాయి: పాత స్నేహితుడికి ఫోను చేయడం, మిషను అమ్మడం. ఆమె మిషను అమ్మింది. అంటే నేను ఇచ్చిన మిషను తన పని తాను చేసింది, బట్టలు కుట్టి కాదు గానీ. సంబరపడాల్సిన చోట అరిచి వచ్చాను.

అసలు ఆడపిల్లల హోము అనగానే కుట్టు మిషను, బ్యూటీషియన్ కోర్సు, అగరబత్తీలు చుట్టడం. మగపిల్లల దగ్గర ఎలక్ట్రికల్ పనో, ఏసీ రిపేరో నేర్పిస్తారు, బయటికెళ్తే రోజుకు కూలి వస్తుంది. ఒకమ్మాయి స్కూటరు నేర్చుకుంటానంది, డెలివరీ పనికి. "ఆడపిల్లవు, రాత్రిళ్లు తిరుగుతావా?" అన్నాడు ఒక పెద్దాయన సమావేశంలో. ఆ పిల్ల రాత్రిళ్లు తిరిగే ఇక్కడికి వచ్చిందని ఆయనకు గుర్తు చేయాల్సింది. చేయలేదు. ఆయన సంతకం కావాలి మాకు.

ఈ నేల మీద ఇంతకంటే గట్టి పని చేసినవాళ్లున్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు వినగానే మనవాళ్లకు దొంగలే గుర్తొస్తారు. నేరస్త తెగల చట్టం 1871లో వచ్చింది, దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది. ఆ ఊరివాళ్ల మీద అది వేసింది పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర. 1911లో దాన్ని తిరగరాసినప్పుడు ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చారు. చూశారా, అప్పుడూ పిల్లలను బాగుచేయడం పేరుతోనే. ఆ ఊరికి 1970ల్లో సంఘ సంస్కర్తలైన లవణం, హేమలతా లవణం దంపతులు వెళ్లారు. హేమలత గారు కవి జాషువా కూతురు. అంటరానితనం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేని మనిషి. నిఘా పెట్టే పోలీసులు తప్ప బయటివాళ్లు కాలుపెట్టని వాడలకు వెళ్లి మనుషులతో కలిసిపోయారు. తర్వాత నిజామాబాద్ వైపు, దేవుడి పేరిట వదిలేసిన జోగినుల కోసం పనిచేసినప్పుడూ అదే తీరు. ముందు చుట్టరికం, ఆ తర్వాతే సంస్కరణ. నాకు వాళ్లంత ఓపిక లేదు. వరస మాత్రం వాళ్లదే సరైనది.

"మీరంతా దొంగలను వెనకేసుకొస్తారు" అనే మాట నాకు అలవాటే. ఒకసారి మాత్రం ఆ మాట అన్నావిడ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరు. పనిపిల్ల నాలుగు పేటల గొలుసు తీసింది. "బంగారం పోతే పోయింది, అది మా అమ్మది" అని ఆవిడ ఏడుస్తుంటే నా దగ్గర మాటల్లేవు. ఆవిడ ఆ పిల్లకు పాత పుస్తకాలిచ్చి చదివించింది కూడా. గొలుసు కరిగించేశారు, తిరిగి రాదు. ఆ పిల్ల పరిస్థితులు నాకు తెలుసు, ఆవిడకు చెబితే అవి సాకుల్లాగే వినిపిస్తాయి. చెప్పకుండా వచ్చేశాను.

ఇంకొక అమ్మాయి సంగతి దీనికంటే కష్టం. పదిహేనేళ్లప్పుడు ఆమెను ఒకడు వాడుకున్నాడు, ఆ కేసులో ఆమె బాధితురాలు. పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి సొంత పిన్ని కూతురిని అదే దారిలో పెట్టింది, కమీషను తీసుకుని. చంచల్‌గూడ మహిళా జైలులో ములాఖత్‌కు వెళ్తే నవ్వుతూ వచ్చింది. "నాకు ఎవరూ చెప్పలేదు మేడమ్, దానికి నేనైనా రేటు చెప్పాను" అంది. ఆ రాత్రి బస్సులో తిరిగొస్తూ ఈ పని మానేద్దామనుకున్నాను. ఆమె మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు. కానీ మళ్లీ ములాఖత్‌కు వెళ్లాను. జాలి కలిగితేనే వెళ్తాననుకుంటే ఈ పనిలో ఎవరూ మిగలరు.

ఆమె విషయంలో మేం ఎక్కడ జారవిడిచామో నాకు తెలుసు. పద్దెనిమిది నిండిన రోజున. ఆ రోజు వార్డెన్ కేకు కోయించింది, మరునాడు సంచి సర్దించారు. హోము నుంచి బయటికొచ్చిన పిల్లలకు ఆర్థిక సాయం అందించాలని చట్టంలో ఉంది, ఇరవై ఒక్కేళ్ల దాకా చేయూత ఉండాలని నిబంధనల్లో ఉంది. ఆమెకు అందింది ఒక బస్సు టికెట్టు.

పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి. నన్నడిగితే ఉన్న డబ్బంతా, ఉన్న మనుషులందరినీ ఈ మూడేళ్ల మీద పెట్టాలి. మన చట్టానికి ఈ వయసు తెలియకపోలేదు. ప్రొబేషన్ అంటే జైలుకు బదులు మంచి నడవడి షరతు మీద వదిలిపెట్టడం. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ ఇరవై ఒక్కేళ్ల లోపువారిని వీలైనంతవరకు జైలుకు పంపొద్దనే అంటుంది. పంపితే ఎందుకు పంపుతున్నారో రాయమంటుంది. ఎంతో మంచి సెక్షన్. నా పదకొండేళ్లలో ఒక అమ్మాయి తరఫున లాయరు దాన్ని పట్టుకుని వాదించగా విన్నది రెండుసార్లు. గంజాయి కేసుల్లో ఆ ఆశ కూడా లేదు. మాదక ద్రవ్యాల చట్టం 33వ సెక్షన్, వాడకం కేసుల వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, పద్దెనిమిది నిండినవాళ్లకు ప్రొబేషన్ వర్తించదని తేల్చేసింది. మొదట చెప్పిన పిల్ల పది నెలలు ఆలస్యంగా ఆ రైలెక్కి ఉంటే పెద్దవాళ్ల జైలు దారే పట్టేది, నేనూ ఈ వ్యాసమూ అవసరం ఉండేది కాదు.

బాల నేరస్తులుగా పట్టుబడేవారిలో ఆడపిల్లలు ఈ మధ్య కాలంలో నూటికి అయిదుగురు కూడా ఉండరు. అంత తక్కువమంది కాబట్టే వాళ్ల కోసం విడిగా ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. పత్రికలకు మాత్రం ఉంది. పట్టుబడింది మగవాడైతే "దొంగ అరెస్టు". ఆడదైతే "కిలాడీ లేడీ", పక్కన ఫొటో, ముఖానికి చున్నీ. ప్రాస కుదిరిందని సంబరం. ఇరవై రెండేళ్ల పిల్ల బెయిలు మీద బయటికొచ్చి బట్టల కొట్లో పని అడిగితే, యజమాని ఫోనులో ఆ కత్తిరింపు చూపించి పంపేశాడు.

మా సంస్థ లెక్కల పుస్తకంలో ఒక పద్దు మీద ప్రతి ఏటా ఆడిటరుతో గొడవ. అమ్మాయిల ఫోను రీచార్జిలు. "ఇది పునరావాస ఖర్చు ఎలా అవుతుంది మేడమ్?" అంటాడు. రీచార్జి అయిపోతే కొన్నాళ్లకు వచ్చే ఫోను కూడా ఆగిపోతుందని, ఆగిపోయిన రోజున ఎవడో ఒకడు "నేను చేయించనా?" అంటాడని, ఆ చేయించినవాడికి ఆ పిల్ల బాకీ పడుతుందని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. స్టేషనరీ కింద రాసుకోమన్నాను. రాసుకున్నాడు.

ఆ సంచి పద్దెనిమిది కిలోల చిల్లర తూగింది. బోర్డు ఆమెను ప్రొబేషన్ మీద తల్లికి అప్పగించింది. నంబరు తాలూకు మనిషి ఇంతవరకూ దొరకలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఊరి చివర ఒక చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తోంది. పని తనకు నచ్చదు, చేతులు కంపు కొడతాయంటుంది. నాకూ నచ్చదు, ఇంతకంటే మంచిది ఇంకా దొరకలేదు. మొన్న రాత్రి పదిన్నరకు ఫోను చేసింది. గుండె ఝల్లుమంది. తీరా చూస్తే, జీతం పడింది, ఏటీఎంలో పిన్ను మార్చుకోవడం ఎలాగని. చెప్పాను. పెట్టేసే ముందు, అలవాటైన పరీక్షే, "అమ్మ నంబరు చెప్పు" అన్నాను. చెప్పింది. "నాది?" అన్నాను. చెప్పింది గానీ చివరి రెండు అంకెలు తారుమారు చేసింది.

మళ్లీ చెప్పించాను.